పదేళ్లు ఉంచుకునే ఎలక్ట్రిక్ కారు: రేటింగుల్లో దేన్ని లెక్కలోకి తీసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు ఒకసారి కారు కొంటే పదేళ్లకు తక్కువ వాడరు. ఎలక్ట్రిక్ కారు తీసుకుందామని చూస్తే ఒక సర్వే వాటిలో పెట్రోల్ కార్లకంటే సమస్యలు చాలా ఎక్కువ అంటోంది, ఇంకొక నివేదికేమో దారిలో ఆగిపోయేవి వాటిలో సగం కూడా ఉండవంటోంది. ఈ రెంటిలో దేన్ని నమ్మాలి, ఎనిమిదేళ్ల బ్యాటరీ వారంటీ ముగిశాక గతేమిటి అని అడిగారు.

రెండూ నిజమే, ఎందుకంటే అవి కొలిచేవి వేరు. పదేళ్లు ఉంచుకోవడానికి ఎలక్ట్రిక్ కారు నిక్షేపంగా కొనవచ్చు. కాకపోతే మార్కెట్లోకి వచ్చి కనీసం రెండు మూడేళ్లయిన మోడల్‌ను ఎంచుకోవాలి, మొత్తం మార్కులకంటే ఏ భాగం మీద ఫిర్యాదులు వచ్చాయో చూడాలి, బ్యాటరీ మీద పెట్టుకున్న భయంలో సగాన్నయినా దాని చుట్టూ ఉండే ఎలక్ట్రానిక్స్ వైపు మళ్లించాలి. ఎలక్ట్రిక్ కార్లలో లోపాలు కనిపెట్టడం, పాత కార్లు కొనేవారి తరఫున వాటిని తనిఖీ చేయడం నా వృత్తి కాబట్టి, కింద రాసేదంతా ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ముందుగా రేటింగుల సంగతి. అమెరికాలోని వినియోగదారుల సంస్థ కన్స్యూమర్ రిపోర్ట్స్ తన సభ్యులను గడిచిన 12 నెలల్లో కారులో ఏయే ఇబ్బందులు వచ్చాయో 20 విభాగాల కింద అడుగుతుంది. పెద్ద లోపాలకు ఎక్కువ విలువ కడుతుంది కానీ, తలుపు పిడి బయటికి రాకపోవడం, తెర నల్లబడిపోవడం, కిటికీ అంచున గాలి చప్పుడు వంటివి కూడా అందులో చేరతాయి. 2023 సర్వేలో ఎలక్ట్రిక్ కార్లకు పెట్రోల్ కార్లకంటే 79 శాతం ఎక్కువ సమస్యలున్నాయని తేలగా, మామూలు హైబ్రిడ్‌లకు 26 శాతం తక్కువ ఉన్నాయి. జె.డి. పవర్ అనే మార్కెట్ పరిశోధన సంస్థ వారి ఇనిషియల్ క్వాలిటీ స్టడీ కారు చేతికి వచ్చిన తొలి 90 రోజులనే చూస్తుంది. 2024లో అందులో బ్యాటరీ కార్లకు ప్రతి 100 కార్లకు 266 ఫిర్యాదులు, పెట్రోల్, డీజిల్ కార్లకు 180 నమోదయ్యాయి. 90 రోజుల్లో వచ్చే ఫిర్యాదు ఎలాంటిదో ఊహించుకోండి: ఫోన్ తెరకు కలవలేదు, వైపర్ మీట తీసేసి మెనూలో పెట్టారు, సీటు బెల్టు హెచ్చరిక ఊరికే మోగుతోంది. ఇవన్నీ చిరాకు పెట్టేవే, కాదనను. అయితే పదో ఏట మీ చేతి డబ్బు ఖర్చు చేయించేవి ఇవి కావు.

జర్మనీ మోటారు క్లబ్బు ఏడీఏసీ లెక్క ఇంకొక రకం. సహాయం కావాలని వచ్చిన పిలుపులనే అది లెక్కిస్తుంది. 2024 గణాంకాలలో, రెండు నుంచి నాలుగేళ్ల వయసున్న కార్లలో ప్రతి వెయ్యికి ఎలక్ట్రిక్‌వి 4.2, ఇంజన్ కార్లు 10.4 దారిలో ఆగాయి. మీరు చూసిన రెండో నివేదిక బహుశా ఇదే అయివుంటుంది. ఇది నమ్మదగినదే కానీ దీనికీ హద్దులున్నాయి. ఛార్జింగ్ వేగం సగానికి పడిపోయిన కారు నడుచుకుంటూ సర్వీస్ సెంటర్‌కు వెళుతుంది కాబట్టి ఆ లోపం ఈ లెక్కలోకి రాదు. అలాగే, పదేళ్లు దాటిన ఎలక్ట్రిక్ కార్లు రోడ్ల మీద ఇంకా తక్కువే కాబట్టి నాలుగేళ్ల కారు అంకెను పదేళ్లకు పొడిగించి చెప్పడం సరికాదు.

అదే దేశంలో టీయూవీ సంస్థలు జరిపే తప్పనిసరి తనిఖీల 2025 నివేదికలో, రెండు మూడేళ్ల కార్లలో టెస్లా మోడల్ 3 చిట్టచివరన నిలిచింది. తనిఖీకి వచ్చిన వాటిలో 14.2 శాతం కార్లలో చెప్పుకోదగ్గ లోపాలు కనిపించాయి. ఇది చూసి చాలామంది బ్యాటరీయో మోటారో పాడైందనుకున్నారు. నిజానికి ఆ తనిఖీలో చూసేవి బ్రేకులు, సస్పెన్షన్, లైట్లు. ఎలక్ట్రిక్ కారులో వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చేసేస్తుంది, బ్రేక్ ప్యాడ్లకు పని ఉండదు, పని లేని డిస్కు తుప్పు పడుతుంది. దానికి తోడు, పెట్రోల్ కారులాగా ఏటా సర్వీసింగ్ లేకపోవడం వల్ల కారు కిందికి తొంగిచూసేవారుండరు. చక్రాన్ని బాడీకి కలిపే కంట్రోల్ ఆర్మ్‌లోని రబ్బరు బుష్ అరిగితే దాన్ని పసిగట్టే అవకాశం మొట్టమొదట ఆ తనిఖీలోనే వస్తుంది. ఎలక్ట్రిక్ కారుకు సర్వీసింగ్ అక్కర్లేదనే మాట పెద్ద అపోహ. ఆయిల్ మార్పు, స్పార్క్ ప్లగ్‌ల వంటి ఇంజన్ పనులే అక్కర్లేదు. బ్రేక్ ఫ్లూయిడ్, కూలెంట్, టైర్లు, సస్పెన్షన్ కీళ్లు ఏ కారుకైనా ఒకటే, బరువు ఎక్కువ కాబట్టి టైర్లు ఇంకాస్త తొందరగానే అరుగుతాయి. వారానికి ఒకసారైనా ఖాళీ రోడ్డు మీద బ్రేక్ గట్టిగా తొక్కి ఆపితే డిస్కు శుభ్రపడుతుంది.

సగటు అంకెల విషయంలో ఇంకొక జాగ్రత్త. కన్స్యూమర్ రిపోర్ట్స్ లెక్కలో 2023 నాటి 79 శాతం మరుసటి ఏడాది 42 శాతమైంది. ఒక్క ఏడాదిలో సాంకేతికత అంత మెరుగుపడిందని కాదు. సర్వేలోకి ఆ ఏడు ఎన్ని సరికొత్త మోడళ్లు చేరాయి, ఎన్ని పాతబడి కుదురుకున్నాయి అన్నదాన్ని బట్టి ఆ అంకె ఊగుతుంది. అది మళ్లీ పెరిగినా ఆశ్చర్యపోనక్కర్లేదు. అందువల్ల "ఎలక్ట్రిక్ కార్లు" అన్న మొత్తం వర్గానికి ఇచ్చిన శాతం మీ నిర్ణయానికి ఎందుకూ పనికిరాదు. మీరు కొనబోయే మోడల్, అది తయారైన సంవత్సరం, అందులో ఫిర్యాదు వచ్చిన భాగం, ఈ మూడూ కలిపి చదివినప్పుడే రేటింగుకు అర్థం ఉంటుంది.

ఇక బ్యాటరీ. ఇందులో రెండు వేర్వేరు భయాలను కలిపేసుకుంటున్నాం. మొదటిది అరుగుదల, అంటే ఏటికేడాది నిల్వ సామర్థ్యం కొద్దికొద్దిగా తగ్గడం. రెండోది వైఫల్యం, అంటే ఏదో ఒక సెల్ (బ్యాటరీలోని చిన్న ఘటం) లేదా ప్యాక్ (ఆ సెల్‌లన్నీ ఉండే పెట్టె) లోపలి భాగం చెడిపోయి కారు పనిచేయకపోవడం. జియోట్యాబ్ అనే సంస్థ వేలాది వాహనాల సమాచారంతో 2024లో ప్రకటించిన విశ్లేషణలో సగటు అరుగుదల ఏడాదికి 1.8 శాతంగా తేలింది. ఆ లెక్కన కొత్తలో 400 కిలోమీటర్లు వెళ్లే కారు పదేళ్లకు సుమారు 328 కిలోమీటర్లు వెళుతుంది. మొదటి ఏడాదిన్నరలో తగ్గుదల కాస్త వేగంగా ఉండి తరువాత నెమ్మదిస్తుంది కనుక, తొలి ఏడాది 4 శాతం పోయిందని కంగారుపడి ఫోన్ చేసేవారికి నేను చెప్పే మాట, రెండేళ్లు ఆగి చూడండి అని.

దీన్ని మరోవైపు నుంచి చూడండి. ఒక ఛార్జికి నిజంగా 350 కిలోమీటర్లు వెళ్లే ప్యాక్ వెయ్యి పూర్తి ఛార్జింగుల చక్రాలు తట్టుకుంటే చాలు, 3,50,000 కిలోమీటర్లు నడుస్తుంది. మామూలు కుటుంబం అంత దూరం తిరగదు. కాబట్టి మీ విషయంలో కిలోమీటర్లకంటే కాలమూ వేడీయే బ్యాటరీని ఎక్కువగా అరగదీస్తాయి. నికెల్ ఉన్న సెల్‌లను నిండా ఛార్జ్ చేసి ఎండలో రోజుల తరబడి నిలిపి ఉంచడం వాటికి అన్నిటికంటే చేటు. రోజువారీ వాడకానికి 80 శాతం వద్ద ఆపి, దూర ప్రయాణానికి ముందు మాత్రమే నిండా నింపడం మంచిది. నికెల్ లేని ఇంకొక రకం, అంటే ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్‌ల విషయంలో అప్పుడప్పుడు 100 శాతం దాకా ఛార్జ్ చేయమని చాలా కంపెనీలు చెబుతాయి. అందుకు కారణం, ఆ సెల్‌ల వోల్టేజీ మధ్యలో దాదాపు మారదు కనుక ఎంత మిగిలిందో లెక్కకట్టడం కంప్యూటర్‌కు కష్టమవుతుంది, నిండినప్పుడే దాని లెక్క సరిపడుతుంది. అంతేగాని నిండుగా ఉంచితే ఆ సెల్‌కు మేలని కాదు.

వేడి ఎంత తేడా చేస్తుందో 2010 చివర్లో వచ్చిన తొలితరం నిస్సాన్ లీఫ్ చూపించింది. దాని 24 కిలోవాట్ అవర్ల ప్యాక్‌కు ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు లేదు. అరిజోనా వంటి వేడి ప్రాంతాల్లో సామర్థ్యం త్వరగా పడిపోయి, డ్యాష్‌బోర్డు మీది 12 గీతల్లో 9 కంటే తక్కువైతే బాగుచేస్తామని కంపెనీ 5 ఏళ్లు లేదా 60,000 మైళ్లకు ప్రత్యేక వారంటీ ప్రకటించాల్సి వచ్చింది. నేటికీ పాత ఎలక్ట్రిక్ కార్ల గురించి చెప్పుకునే భయానక కథల్లో చాలా వాటి మూలం అదే తరానికి చెందింది. కూలెంట్ గొట్టాలున్న ఇప్పటి ప్యాక్‌లకు ఆ కథలను అంటగట్టడం న్యాయం కాదు.

వైఫల్యం అరుదే గాని, వస్తే పెద్దదే. 2021లో సెల్ తయారీ లోపం వల్ల మంటల ప్రమాదం ఉందని జనరల్ మోటార్స్ దాదాపు 1,42,000 షెవర్లే బోల్ట్ కార్లన్నిటినీ రీకాల్ చేసింది, అంటే ఉచితంగా సరిచేయడానికి వెనక్కి పిలిపించింది. అదే ఏడాది హ్యుందాయ్ కోనా తదితర వాహనాలు దాదాపు 82,000 రీకాల్ అయ్యాయి. ఇక్కడ రేటింగులు చూపించలేని ఒక విశేషముంది. అలా రీకాలైన బోల్ట్ కార్లలో చాలా వాటికి సరికొత్త ప్యాక్ వేసి, దానికి వారంటీ కూడా కొత్తగా మొదలుపెట్టారు. రేటింగు పట్టికలో మచ్చ అలాగే ఉంటుంది, కారులో మాత్రం కొత్త బ్యాటరీ ఉంటుంది. పాత కారు కొనేవారికి అది మచ్చలేని కారుకంటే మంచి బేరం కావచ్చు. నా దగ్గరికి తనిఖీకి వచ్చే పాత కారు ఏదైనా సరే, ముందు దాని రీకాల్ చరిత్రే తీసి చూస్తాను.

నిజంగా కార్లు నా దగ్గరికి ఎందుకు వస్తాయంటే, మొదటి కారణం 12 వోల్టుల చిన్న బ్యాటరీ. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, దాన్ని కారుకు కలిపే కాంటాక్టర్లు అనే స్విచ్‌లు మూసుకోవాలంటే చిన్న బ్యాటరీ నుంచే కరెంటు రావాలి. అది చచ్చిపోతే తెర వెలగదు, కొన్ని కార్లలో తలుపు కూడా తెరుచుకోదు. యజమాని లక్షలు పోయాయని తల పట్టుకుని వస్తాడు, కారు చిన్న బ్యాటరీ మార్చించుకుని వెళుతుంది. నాలుగైదేళ్లకు ఒకసారి దాన్ని ముందుగానే మార్చుకుంటే ఈ బెడద ఉండదు. అయితే కొత్తది వేసిన కొద్ది నెలలకే మళ్లీ చచ్చిపోతే తప్పు దానిది కాదు, దానికి ఛార్జింగ్ ఇచ్చే డీసీ-డీసీ కన్వర్టర్‌ను అనుమానించాలి.

ఆ కన్వర్టర్, ఇంటి కరెంటును బ్యాటరీకి పట్టేలా మార్చే ఆన్‌బోర్డ్ ఛార్జర్, ఈ రెండూ నా దృష్టిలో బ్యాటరీకంటే ఎక్కువ ఆలోచించాల్సిన భాగాలు. చాలా కొత్త కార్లలో రెంటినీ ఒకే పెట్టెలో పెడుతున్నారు. హ్యుందాయ్, కియా కార్లలో ఐసీసీయూ అని పిలిచే అలాంటి పెట్టె సమస్యతో 2024లో ఒక్క అమెరికాలోనే లక్షకు పైగా కార్లు రీకాల్ అయ్యాయి. అందులో ఏ చిన్న ట్రాన్సిస్టర్ పోయినా పెట్టె మొత్తం మార్చడమే కంపెనీ పద్ధతి, మరో దారి ఇవ్వరు. పైగా, ఇలాంటి పెట్టె కొన్ని కంపెనీల్లో ఎనిమిదేళ్ల బ్యాటరీ వారంటీ కిందికి రాదు, మూడు నుంచి అయిదేళ్ల సాధారణ వారంటీ కిందికే వస్తుంది. వారంటీ పుస్తకంలో "హై వోల్టేజీ బ్యాటరీ" అని మాత్రమే రాశారా, "హై వోల్టేజీ వ్యవస్థ భాగాలు" అని రాసి ఛార్జర్, ఇన్వర్టర్, మోటారు పేర్లు విడిగా ఇచ్చారా అన్నది సంతకం పెట్టేముందు చదవండి. పదేళ్ల లెక్కలో ఆ ఒక్క వాక్యం పెద్ద తేడా తెస్తుంది.

ఒక కేసు కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎలక్ట్రిక్ కారు పాతబడుతున్నకొద్దీ ఇలాంటివే ఎక్కువవుతాయి. వారంటీ దాటిన ఒక కారు స్టార్ట్ కావడం లేదని, ఐసొలేషన్ లోపం అని చూపిస్తోందని తెచ్చారు. అంటే హై వోల్టేజీ తీగల నుంచి కారు బాడీలోకి ఎక్కడో కరెంటు కారుతోందన్నమాట. ఒక సర్వీస్ సెంటర్ వారు బ్యాటరీ ప్యాక్ మార్చాలని అప్పటికే అంచనా రాసిచ్చారు. ఈ లోపాన్ని కనిపెట్టే పద్ధతి ఓపికతో కూడినది: కారును సురక్షితంగా విద్యుత్ రహితం చేసి, హై వోల్టేజీకి కలిసే భాగాలను ఒక్కొక్కటే విడదీసి, ప్రతిదాని ఇన్సులేషన్ నిరోధాన్ని మెగ్గర్‌తో కొలవాలి. ప్యాక్ బాగుంది, మోటారు బాగుంది, హీటర్ బాగుంది. ఏసీ కంప్రెసర్‌ను విడదీయగానే మీటరు మీది అంకె ఒక్కసారిగా పైకి లేచింది, అంటే కరెంటు కారుతున్నది అక్కడే. ఆరా తీస్తే, కొద్దివారాల కిందట ఒక మామూలు ఏసీ మెకానిక్ గ్యాస్ నింపుతూ అందులో పెట్రోల్ కార్ల ఏసీలో వాడే పీఏజీ ఆయిల్ ఎక్కించాడని తెలిసింది. ఎలక్ట్రిక్ కార్లలో కంప్రెసర్ మోటారు ఆ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది కనుక విద్యుత్తును నిరోధించే పీఓఈ ఆయిల్ మాత్రమే వాడాలి. సైన్సు ఇంతే, కానీ ఇది తెలియకపోతే కొన్ని చెంచాల ఆయిల్ కోసం బ్యాటరీ ఖరీదు చెల్లించాల్సి వచ్చేది. కంప్రెసర్ మార్చి, ఏసీ గొట్టాలన్నీ కడిగాక కారు యథావిధిగా నడిచింది.

ఈ కేసులో గమనించాల్సింది కారు నాణ్యత కాదు. కారు తయారీలో తప్పేమీ లేదు, రేటింగులో ఇది ఎక్కడా కనిపించదు. దాన్ని ముట్టుకున్న చేతులను బట్టి ఖర్చు పదింతలు మారిపోయింది. అందుకే కొనేముందు షోరూమ్‌లో మైలేజీ గురించి అడిగేంత శ్రద్ధగా, సర్వీస్ విభాగంలోకి వెళ్లి ఒక్క ప్రశ్న అడగమంటాను: బ్యాటరీ ప్యాక్‌లో ఒక మాడ్యూల్ (కొన్ని సెల్‌ల గుంపు) పోతే ఆ మాడ్యూల్ మాత్రమే మారుస్తారా, ప్యాక్ మొత్తం మారుస్తారా? మాడ్యూల్ మారుస్తామంటే ఆ పని ఇక్కడే చేస్తారా, కారును వేరేచోటికి పంపుతారా? సమాధానం చెప్పడానికి వారు తడుముకునే తీరే మీకు చాలా చెబుతుంది. సెల్‌లను నేరుగా కారు అడుగుభాగానికే నురగతో అంటించేసే డిజైన్లలో మాడ్యూల్ అనేదే ఉండదు. తేలికగా, గట్టిగా ఉంటాయవి, కానీ పదో ఏట బాగుచేయడానికి అనుకూలమైనవి కావు.

సాఫ్ట్‌వేర్ విషయం క్లుప్తంగా. కారు ఆయుష్షు మోటారుకంటే ముందు సర్వర్ దగ్గర ఆగిపోవచ్చు. ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ ఫిస్కర్ 2024 జూన్‌లో దివాలా పిటిషన్ వేసినప్పుడు ఓషన్ కారు యజమానులకు విడిభాగాలతో పాటు సాఫ్ట్‌వేర్ మద్దతూ ప్రశ్నార్థకమైంది. కంపెనీ బాగున్నా ఇబ్బంది తప్పకపోవచ్చు: 2జీ నెట్‌వర్కులు మూతపడుతుండటంతో బ్రిటన్‌లో 2016కు ముందరి లీఫ్ కార్ల యాప్ సేవలను 2024లో ఆపేశారు. కారు నడుస్తుంది, ఫోన్ నుంచి ఛార్జింగ్ సమయం పెట్టడం మాత్రం పోతుంది. కాబట్టి ఛార్జింగ్ సమయం, ఛార్జింగ్ పరిమితి వంటి ముఖ్యమైన సెట్టింగులు యాప్‌తో పని లేకుండా కారు తెర మీదే మార్చుకోగలిగే మోడల్ తీసుకోండి.

వారంటీ ముగిశాక గతేమిటన్న ప్రశ్నకు తిరిగి వద్దాం. 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, 70 శాతం సామర్థ్యం అన్నది ఇప్పుడు దాదాపు సర్వసాధారణం. ఐక్యరాజ్యసమితి వేదిక మీద 2022లో ఆమోదించిన సాంకేతిక నిబంధన కూడా 5 ఏళ్లు లేదా 1,00,000 కిలోమీటర్లకు 80 శాతం, 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లకు 70 శాతం నిలవాలంటుంది. వారంటీ తేదీ దాటినంత మాత్రాన బ్యాటరీకి ఏమీ కాదు, ఆ మర్నాడు కూడా అది అదే బ్యాటరీ. అయితే 70 శాతం అనే గీతను నమ్ముకుని కూర్చోవడంలో ఒక చిక్కు ఉంది. ప్యాక్‌లోని సెల్ గ్రూపులు వరుసగా కలిపి ఉంటాయి కనుక ఒక్క గ్రూపు బలహీనపడితే మొత్తం ప్యాక్ అక్కడే ఆగుతుంది. సగటు సామర్థ్యం 85 శాతం చూపిస్తూ ఉండగానే, ఛార్జ్ 15 శాతానికి దిగేసరికి కారు హఠాత్తుగా శక్తి తగ్గించేస్తే అది అరుగుదల కాదు, లోపం. దాన్ని లోపంగానే రాయించి పట్టుబట్టాలి. సామర్థ్యం బాగానే ఉంది కదా అని తిప్పి పంపితే ఒప్పుకోవద్దు.

అందువల్ల ఏడో ఏడు నిండేలోపు ఒక పూర్తి పరీక్ష చేయించండి. ఛార్జ్‌ను 10 శాతం దాకా దించి, కాసేపు నిలిపి, అన్ని సెల్ గ్రూపుల వోల్టేజీలను స్కానర్‌లో చూడాలి. నిండా ఉన్నప్పుడు అన్నీ ఒకేలా కనిపిస్తాయి, బలహీనమైనది బయటపడేది కింది భాగంలోనే. తరువాత అక్కడి నుంచి ఇంట్లోని ఛార్జర్‌తో 100 శాతం వరకు నింపి ఎన్ని యూనిట్లు పట్టిందో రాసుకోవాలి. ఛార్జింగులో సుమారు పదో వంతు వృథా పోతుందని తీసేసి, నింపింది 90 శాతమే కాబట్టి మిగిలినదాన్ని 0.9తో భాగిస్తే అసలు సామర్థ్యం సుమారుగా తెలిసిపోతుంది. కారు తెర చూపించే ఆరోగ్య శాతం కంప్యూటర్ అంచనా మాత్రమే, దాన్ని ఇలా సరిచూసుకోవచ్చు. కారు కొన్న మొదటి నెలలోనే ఇదే పరీక్ష ఒకసారి చేసి కాగితం మీద ఉంచుకుంటే ఏడో ఏట పోల్చుకోవడానికి మీ దగ్గర ఆధారం ఉంటుంది. ఏదైనా తేడా కనిపిస్తే నోటిమాటగా చెప్పి రాకుండా, వారంటీ గడువు లోపల రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి జాబ్ కార్డు ప్రతి తీసుకోండి. గడువు దాటాక అదే లోపం ముదిరినా, ముందే నమోదైందన్న ఆ కాగితం మీ వాదనకు బలమవుతుంది.